ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టాలా అని అడిగిన బ్రదర్‌కి

వందనాలు బ్రదర్. కన్సల్టెన్సీ వాళ్లు రెజ్యూమేలో మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టమంటున్నారని, చదువు అప్పు ఉంది కాబట్టి ఇంట్లో కూడా "కాస్త లోకజ్ఞానం ఉండాలి" అంటున్నారని రాశారు. పెట్టకండి.

పైనుండి వచ్చే జ్ఞానం "మొట్టమొదట పవిత్రమైనది" అని బైబిల్లో యాకోబు 3:17 చెబుతుంది. సమాధానం, మృదుత్వం, కనికరం ఆ తర్వాతే. మీకొచ్చిన సలహా ఆ మొదటి మాట దగ్గరే నిలబడదు. అబ్రాము ఐగుప్తులో ప్రాణభయంతో తన భార్య శారయిని సహోదరి అని చెప్పించాడు. ఆ తెలివి అప్పటికి పనిచేసింది, పశువులూ దాసులూ దక్కారు. చివరికి ఆ దేశపు రాజు ఫరో చేతే మాటపడ్డాడు. ఫరో ఇంటికి చేరిన శారయిని కాపాడింది దేవుడే.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. పాముల్లా వివేకంగా ఉండమన్నది కూడా ప్రభువే. ఫ్రెషర్‌గానే అప్లై చేయండి, సొంతంగా చేసిన ప్రాజెక్టులు చూపించండి, ఇంటర్న్‌షిప్ దొరికితే తక్కువ జీతమైనా చేరండి. చాలా కంపెనీలు పీఎఫ్ రికార్డులో పాత ఉద్యోగాలు చూస్తాయి. అబద్ధం పెడితే ఆ టెన్షన్ ఉద్యోగం వచ్చాక కూడా వదలదు.

అమ్మానాన్నలతో మాత్రం వాదించొద్దు, వాళ్లది అప్పు భయం. వాళ్లతో కూర్చుని, జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగమనే యాకోబు 1:5 చదివి, కలిసి ప్రార్థన చేయండి.