జపాన్ బడిలో రోజు ఎలా గడుస్తుంది?

ప్రశ్న: హనుమకొండలో ఆరేళ్లుగా ఇంగ్లిషు బోధిస్తున్నాను. జపాన్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో సహాయ ఉపాధ్యాయురాలిగా అవకాశం వచ్చింది. జపనీస్ రాదు, పైగా శాకాహారిని. అక్కడ నెగ్గుకురాగలనా?
- ఒక పాఠకురాలు

జవాబు: భాష గురించి అంతగా భయపడనక్కరలేదు, సాధారణంగా తరగతిలో జపాన్ ఉపాధ్యాయులు మీ పక్కనే ఉండి పాఠం నడిపిస్తారు. అసలు చిక్కు భోజనం దగ్గరే. చాలా బడుల్లో తెల్లని ఏప్రన్లు, టోపీలు ధరించిన పిల్లలే తరగతి గదిలో వడ్డిస్తారు, ఉపాధ్యాయులూ వారితోనే కూర్చుని తింటారు. చూడటానికి కూరగాయల పులుసులాగే కనిపించినా, అది తరచుగా ఎండుచేప మరిగించిన 'దాషి' నీటితో చేసినదై ఉంటుంది. కాబట్టి చేరకముందే విషయం చెప్పి, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవడానికి అనుమతి అడగండి. చింతకాయ తొక్కు మాత్రం మరచిపోకండి!

గుమ్మంలో బయటి బూట్లు విడిచి, లోపలికని ప్రత్యేకంగా ఉంచుకున్న జోడు వేసుకోవాలి. భద్రకాళి గుడి ముందు చెప్పులు విడిచే మనకు ఇది కొత్తేమీ కాదు. గదులు, వరండాలు ఊడ్చి తుడిచేది పిల్లలే. మీరూ ఒక గుడ్డ అందుకుంటే వారికి త్వరగా దగ్గరవుతారు.

నివాసం కుదిరిన 14 రోజుల్లోగా స్థానిక పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. నివాస కార్డు ఎప్పుడూ వెంట ఉండాలి. సాయంత్రం మనం "పోయొస్త" అన్నట్లే, అక్కడ "ఒసకి ని షిత్సురేయి షిమస్" అంటారు. మీకంటే ముందు వెళ్తున్నందుకు మన్నించండి అని దాని భావం. ముందుగా ఆ ఒక్క వాక్యం నేర్చుకోండి.