2.99కి మాత్రం అమ్మొద్దు

తమ్ముడూ,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం నువ్వు రాసి పంపిన ఐదు అడ్వెంచర్లూ, అంటే టేబుల్ దగ్గర ఆడించే కథలు, చదివాను. మెట్లబావి కథ బ్రహ్మాండంగా ఉంది. మిగతావాటి మాట కిందికి వచ్చాక చెప్తాను, ముందు నువ్వడిగిన దానికే వస్తా. 64 పేజీలే కదా, పైగా కొత్తవాణ్ణి, పీడీఎఫ్‌కి 2.99 డాలర్లు పెడితే చాలదా అన్నావు. చాలదు.

కొనేదెవరో ఒక్కసారి ఆలోచించు. టేబుల్ చుట్టూ ఐదుగురు కూర్చుంటే, అందులో నీ పుస్తకం కొనేది కథ నడిపించి ఆడించే గేమ్ మాస్టర్ ఒక్కడే. వాడికి ఉద్యోగం ఉంది, ఇల్లుంది, పిల్లలున్నారు. శనివారం రాత్రి ఆడిస్తానని స్నేహితులకి మాటిచ్చాడు, శుక్రవారం దాకా ఒక్క గది కూడా సిద్ధం చేసుకోలేదు. ఊహలకి వాడి దగ్గర కొదవ లేదు, తీరికే లేదు. వండిన భోజనం కోసం వచ్చినవాడి చేతిలో సరుకుల సంచి పెడితే, ఊరికే ఇచ్చినా తిట్టుకుంటాడు. ఆ శుక్రవారం రాత్రి వాడికి నిజంగా మూడు గంటలు మిగిల్చావా, పది డాలర్లివ్వడానికి వెనకాడడు. పేజీలు లెక్కపెట్టడు కూడా.

అసలీ ఆట పుట్టుకే చవగ్గా లేదు. 1974లో గైగాక్స్, ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలుగా ఒక పెట్టెలో వచ్చింది. ధర 10 డాలర్లు. ఆ రోజుల్లో అది తక్కువ సొమ్మేం కాదు. మొదట వేసిన వెయ్యి పెట్టెలూ చేతుల్తో సర్దినవే.

ఇప్పుడు నీ మెట్లబావి కథలో రెండో అంతస్తు పేజీ తెరిచి చూడు. రాణి ఎవరి కూతురు, ఎందుకు దూకింది, శాపం ఎవరు పెట్టారు అని పేజీన్నర రాశావు. చదవడానికి ఎంతో బాగుంది. కానీ ఆటగాడు "లోపలికి అడుగుపెట్టాను, ఏం కనిపిస్తోంది?" అనగానే గేమ్ మాస్టర్ ఆ పేజీన్నరా గాలించాలి. నీళ్ళు మోకాలి లోతని మూడో పేరాలో ఉంది. గోడలో గూడు ఐదో పేరాలో. దీపం వెలిగిస్తే రాణి లేస్తుందన్న అసలు ముక్క చిట్టచివర దాక్కుంది. మొత్తం తిరగెయ్యి. మొదటి రెండు లైన్లలో మోకాలి లోతు నీళ్ళు, పడమటి గోడలో గూడు, గూట్లో ఆరిపోయిన దీపం. ఆ కిందే: దీపం వెలిగిస్తే రాణి లేస్తుంది, పేరు పెట్టి పిలిస్తే మాట్లాడుతుంది, కత్తి దూస్తే తిరగబడుతుంది. ఆమె స్టాట్ బ్లాక్, అంటే బలం, ప్రాణం లాంటి అంకెల పట్టిక, అదే పేజీలో ఉండాలి, పుస్తకం వెనకాల ఎక్కడో పెట్టకు. కథంతా నాలుగు వాక్యాలకి కుదించి ఆమె నోటితోనే చెప్పించు. అన్నట్టు, ఎవరూ దీపం జోలికే పోకపోతే ఏమవుతుంది? దానికి నువ్వేం రాయలేదు. ఇక్కడ మా న్యూజెర్సీ గుంపైతే ఆ దీపాన్ని సంచిలో వేసుకుని పైకి ఎక్కేస్తుంది, అమ్ముకుందామని.

మ్యాపులు రెండు రకాలుగా ఇవ్వు. గది నంబర్లూ రహస్య ద్వారాలూ ఉన్నది గేమ్ మాస్టర్‌కి, అవేవీ లేని శుభ్రమైన బొమ్మ ఆటగాళ్ళకి. రోల్20 లాంటి చోట్ల ఆన్‌లైన్‌లో ఆడించేవాళ్ళకి రెండోదే ముఖ్యం. పీడీఎఫ్‌లో బుక్‌మార్కులు పెట్టడం మర్చిపోకు.

ధర కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ అమ్ముతావన్నది. డీఎమ్స్ గిల్డ్ అని ఆ ఆట కంపెనీ అనుమతితో నడిచే సైటుంది, అందులో పెడితే ఫర్‌గాటెన్ రెల్మ్స్ లాంటి కంపెనీవాళ్ళ సొంత లోకాలు వాడుకోవచ్చు. బదులుగా నీ చేతికొచ్చేది సగమే. ఆ పుస్తకం ఇంకెక్కడా అమ్మకూడదు, నువ్వు సృష్టించిన పాత్రల్ని అదే గిల్డ్‌లో రాసే మిగతావాళ్ళు కూడా వాడుకోవచ్చు. నీ రాజ్యం, నీ దేవతలు, నీ దెయ్యాలు అన్నీ నీవే అయినప్పుడు అక్కడికెందుకు పోవడం? 2023 జనవరిలో, తమ రూల్స్ బయటివాళ్ళు వాడుకోనిచ్చే పాత ఓపెన్ గేమ్ లైసెన్స్‌ను రద్దు చేయబోయి, జనం తిరగబడ్డాక, కంపెనీవాళ్ళు ఎస్సార్డీ 5.1 అనే రూల్స్ పత్రాన్ని, పేరు చెప్పి ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేశారు. ఇచ్చినదాన్ని ఇక వెనక్కి తీసుకోలేరు. అందులోని రూల్స్ వాడుకో, వాళ్ళడిగిన గుర్తింపు వాక్యం ఉన్నదున్నట్టు వెయ్యి. అట్ట మీద వాళ్ళ ట్రేడ్‌మార్కు పేరు మాత్రం వద్దు, ఆ ఆట ఐదో కూర్పైన ఫిఫ్త్ ఎడిషన్‌కి సరిపోతుందని వేస్తే చాలు. నీ నాలుగో కథలో బీహోల్డర్ అనే రాక్షసం ఉంది, తీసేయాలి. దాని స్టాట్ బ్లాక్ ఎస్సార్డీలో లేదు. ఎలాగూ ఆ గుహలో అది ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

అప్పుడు ఇలాంటి ఆటల పీడీఎఫ్‌లు అమ్మే డ్రైవ్‌త్రూఆర్పీజీ సైట్‌లో అమ్ముకోవచ్చు. అక్కడొక్కచోటే అయితే 70 శాతం, వేరేచోట కూడా అమ్ముకుంటానంటే 65 శాతం నీకొస్తుంది. 65కే ఒప్పుకో. ఎడిటర్‌కీ అట్ట బొమ్మకీ కలిపి 400 డాలర్లు ఖర్చు పెట్టావనుకో. 2.99కి అమ్మితే కాపీకి 1.94 మిగులుతుంది, ఖర్చు రాబట్టుకోవడానికే 206 కాపీలు పోవాలి. 9.99కి అమ్మితే 6.49 మిగులుతుంది, 62 కాపీలతో గట్టెక్కుతావు. ఆ సైట్‌లో అమ్మకాలు యాభై కాపీలు దాటితేనే పుస్తకం పక్కన రాగి బిళ్ళ గుర్తు ఇస్తారు, దాన్ని చూసి పొంగిపోయే రచయితలు చాలామందే ఉన్నారు. మొదటి పుస్తకానికి 206 అంటే సామాన్యం కాదు. ఇంకో సంగతి, మార్చిలో గేమ్ మాస్టర్ల రోజుకీ, జులైలోనూ అక్కడ డిస్కౌంట్ అమ్మకాలు పెడతారు. 9.99ని 6.99 చేస్తే జనం ఆగి చూస్తారు. 2.99ని ఎంతకి తగ్గిస్తావు? ఎవరికి తోచినంత వాళ్ళు ఇవ్వండి అనే పద్ధతి కూడా ఉంది. ఎక్కువమంది సున్నా కొట్టి దించుకుని, తెరిచి కూడా చూడరు. ఊరికే ఇవ్వాలనుకుంటే మెట్లబావి ఒక్కటీ విడిగా ఇవ్వు, మిగతా నాలుగింటికీ అదే దారి చూపిస్తుంది. ప్రివ్యూలో కూడా ముందుమాట పెట్టకు, ఆ రాణి గది పేజీ పెట్టు.

మన హైదరాబాద్ కుర్రాళ్ళకి 9.99 డాలర్లు ఎక్కువేనన్న నీ మాట నిజమే. దానికోసం అందరికీ ధర తగ్గించక్కర్లేదు. ఇచ్.ఐఓ అని ఆటలు అమ్ముకునే ఇంకో సైటుంది, అందులో కమ్యూనిటీ కాపీలని ఒక పద్ధతుంది. కొనలేనివాళ్ళ కోసం కొన్ని కాపీలు పక్కన పెడతావు, అవసరమున్నవాడు అడక్కుండానే తీసుకుంటాడు. ఆ సైట్ వాటా కూడా మామూలుగా 10 శాతమే, అదీ నువ్వు మార్చుకోవచ్చు.

అచ్చు పుస్తకానికి తొందరపడకు. ముందు పీడీఎఫ్ వదులు, కొన్నవాళ్ళే తప్పులు పట్టిస్తారు. అవన్నీ దిద్దాక ప్రింట్ ఆన్ డిమాండ్, అంటే ఆర్డర్ వచ్చినప్పుడే అచ్చు వేసే పద్ధతి, చూద్దాం. లోపలి బొమ్మలకి డబ్బు లేకపోతే గుస్తావ్ దొరే చెక్కిన పాత బొమ్మలున్నాయి, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. అట్టకి మాత్రం అవి వద్దు, అందరూ వాడేశారు.

మిగతా కథల సంగతి. రెండోది, ఐదోది బాగున్నాయి, కాస్త కుదించాలి. నాలుగోది బీహోల్డర్ పోయాక ఏం మిగులుతుందో చూడాలి. మూడోది ఆడించి చూసినట్టు లేదు. వంతెన కూలిపోతే అవతలి ఒడ్డుకి దారే లేదు, కథ అక్కడే ఆగిపోతుంది. దాన్ని నీకు పరిచయం లేని గుంపుకిచ్చి, వాళ్ళలోనే ఒకరిని ఆడించమను. నువ్వు పక్కన కూర్చో, నోరు విప్పకు. గేమ్ మాస్టర్ ఎక్కడ ఆగి పేజీలు తిప్పాడో రాసుకో. ఆ కాగితం నాకు పంపితే ఎడిటర్‌కి ఏమివ్వాలో, ఎంత ఖర్చవుతుందో అప్పుడు చూద్దాం.

ఇట్లు,
అన్న