అందరూ నమ్మాల్సిన రాయిని ఎంచుకునేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

జిర్కాన్ రిఫరెన్స్ మెటీరియల్, అంటే రాళ్ల వయసు కొలిచే ల్యాబ్‌లు తమ లెక్క సరిచూసుకోవడానికి పెట్టుకునే స్టాండర్డ్ ఖనిజం, తయారుచేసే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. భీమిలి ఇసుకలో జిర్కాన్ బోలెడంత దొరుకుతుంది కదా, దాన్నే స్టాండర్డ్‌గా ఎందుకు పెట్టుకోకూడదని అడిగావు. వద్దమ్మా. ఆ ఇసుక తూర్పు కనుమల్లో ఎన్నో రాళ్లు అరిగితే వాగులూ నదులూ కలిపి తెచ్చి పోసింది. పక్కపక్కన ఉన్న రెండు గింజల వయసుల మధ్య కోట్ల ఏళ్ల తేడా ఉండొచ్చు. ఒకే గింజలో కూడా పాత స్ఫటికం చుట్టూ తర్వాతెప్పుడో భూమి లోపలి వేడికి పెరిగిన కొత్త పొర ఉండొచ్చు. ఎన్ని కిలోలు దొరికినా అది మన పనికి రాదు.

మనకు కావలసింది ఏ మూల తవ్వినా ఒకే జవాబు చెప్పే రాయి. జిర్కాన్‌లోని యురేనియం కాలం గడిచేకొద్దీ సీసంగా మారుతుంది, ఆ రెండింటి నిష్పత్తే వయసు చెబుతుంది. లేజర్‌తో జిర్కాన్‌లో ముప్పై మైక్రాన్ల గుంట తవ్వినప్పుడు యురేనియం, సీసం ఒకే తీరున బయటికి రావు. గుంట లోతయ్యేకొద్దీ వాటి నిష్పత్తి జరిగిపోతూ ఉంటుంది. అందుకే వయసు ముందే తెలిసిన స్ఫటికాన్ని అదే పూట, అవే సెట్టింగులతో కాల్చి చూస్తాం. ఎంత తేడా వచ్చిందో దాన్నిబట్టి తెలియని రాయి లెక్క సరిచేస్తాం. తూకంరాయి తేడాగా ఉంటే ఆ రోజు కొట్లో తూచిన సరుకంతా తేడానే కదా, ఇదీ అంతే. నీ స్టాండర్డ్‌లో ఉన్న లోపం దాంతో కొలిచిన ప్రతి రాయి వయసులోకీ పాకుతుంది.

స్ఫటికం అందంగా ఉందని మురిసిపోకు. శ్రీలంక నుంచి వచ్చిన ఎస్‌ఎల్13 జిర్కాన్ రత్నంలాంటిది. ఆస్ట్రేలియాలో అయాన్ ప్రోబ్ (లేజర్‌కి బదులు అయాన్ల పుంజంతో గింజను చెక్కి కొలిచే యంత్రం) మీద పనిచేసేవాళ్లు చాలాకాలం దాన్నే ఆధారంగా పెట్టుకున్నారు. తీరా చూస్తే సూక్ష్మస్థాయిలో సీసం, యురేనియం నిష్పత్తి చోటుచోటుకీ మారుతోందని తేలింది. దాని స్థానంలోకి వచ్చిన టెమోరా చూడు. న్యూ సౌత్ వేల్స్‌లో మిడిల్‌డేల్ దగ్గరి డయోరైట్ రాయిని పిండికొట్టి ఏరిన చిన్న చిన్న జిర్కాన్లు అవి. ఉంగరంలో పెట్టుకునే రకం కాదు. కానీ గింజ తర్వాత గింజ 41.68 కోట్ల ఏళ్ల దగ్గరే నిలిచింది. పైగా మూలరాయి కొండలోనే ఉంది. అదే డయోరైట్ నుంచి తర్వాత టెమోరా 2 కూడా తయారైంది.

ఇంకోవైపు 91500 ఉంది. కెనడాలోని ఆంటారియోలో దొరికిన 238 గ్రాముల ఒకే ఒక్క స్ఫటికం. హార్వర్డ్ మ్యూజియంలో దాని నంబరే దాని పేరయింది. వయసు సుమారు 106.5 కోట్ల ఏళ్లు. 1995లో దాని కొలతలు ప్రచురించాక ప్రపంచంలో చాలా ల్యాబ్‌లు దాన్నే పట్టుకున్నాయి. ఎంత గొప్పదైనా పంచేకొద్దీ తరిగిపోయే సరుకే. నా మాట వింటావా, నువ్వు టెమోరా దారిలోనే వెళ్లు. పదేళ్ల తర్వాత ఎవరో అడిగితే ఇవ్వడానికి నీ దగ్గర ఉండాలి.

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర ఉన్న బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వారి కేంద్రానికి వెళ్లి, బాక్సైట్‌లాంటి వాటికి స్టాండర్డ్ ఎలా చేస్తారో ఒకసారి అడిగి తెలుసుకో. పొడి నింపిన ఒక సీసాకీ ఇంకో సీసాకీ తేడా లేదని నిరూపించే క్రమశిక్షణ అలాంటిచోటే వంటబడుతుంది. ఒక్క తేడా గుర్తుంచుకో. పొడిని బాగా కలిపి ఒకటి చేయొచ్చు. స్ఫటికాన్ని కలపలేం, అది పుట్టుకతోనే ఒకే తీరుగా ఉండాలి.

అందుకే మాస్ స్పెక్ట్రోమీటర్ (ఐసోటోపులను, అంటే ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణువులను, విడదీసి లెక్కించే యంత్రం) జోలికి వెళ్లకముందు సీఎల్ (కాథోడోల్యూమినెసెన్స్, అంటే ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు గింజ వెలిగే తీరు) ఇమేజ్‌ల మీద కూర్చో. గింజలు బిగించి పాలిష్ చేసిన బిళ్లలో (మౌంట్‌లో) ఒక్కో గింజనూ పెద్దది చేసి చూడు. సన్నటి బూడిదరంగు చారలు అంచుదాకా సమానంగా సాగితే మంచిదే. మధ్యలో ఆకారం చెదిరిన ముద్ద కనిపిస్తే లోపల పాత గింజ ఉందేమోనని అనుమానించు. చారలను అడ్డంగా కోసుకుంటూ పోయిన మచ్చ ఉంటే ఆ గింజ తీసెయ్. చెక్ దేశపు ప్లెషోవిట్సే జిర్కాన్ వయసు 33.7 కోట్ల ఏళ్లని చక్కగా స్థిరపడింది. కానీ అందులోనూ కొన్ని గింజల్లో యురేనియం మరీ ఎక్కువున్న భాగాలుంటాయి. వాటి మీద లేజర్ పెట్టొద్దని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. నీ రాయి లోపం కూడా అలాగే నువ్వే ముందు చెప్పాలి.

అసలు వయసు తేల్చేది ఐసోటోప్ డైల్యూషన్, అంటే గింజను కరిగించి, ఐసోటోపుల పాళ్లు ముందే తెలిసిన ట్రేసర్ ద్రావణం కలిపి కొలవడం. అది నీ ఒక్క ల్యాబ్‌లో చేసి సరిపెట్టకు. ఇంకో రెండు చోట్లకి, వీలైతే నీతో వాదించేవాళ్లకే పంపు. అందరూ ల్యాబ్‌లు ఉమ్మడిగా వాడుకునే ఎర్త్‌టైమ్ ట్రేసర్‌నే వాడితే ట్రేసర్ వల్ల వచ్చే తగాదా తగ్గుతుంది. అయితే ఒక చిక్కుంది. 2005 నుంచి వాడుకలోకి వచ్చిన కెమికల్ అబ్రేషన్‌లో జిర్కాన్‌ను 900 డిగ్రీల దగ్గర కాల్చి, తర్వాత వేడి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఉంచుతారు. సీసం పోగొట్టుకున్న దెబ్బతిన్న భాగాలు కరిగిపోయి గట్టి భాగం మిగులుతుంది, వయసు శుభ్రంగా వస్తుంది. కానీ నీ రాయిని కొనుక్కున్న కుర్రాడు దాన్ని అలా కడగకుండానే లేజర్ కింద పెడతాడు. కాబట్టి కడిగిన గింజల విలువలూ కడగని గింజల విలువలూ విడివిడిగా ఇవ్వు. రెండూ కలవకపోతే దాచిపెట్టకు. జీజే-1 అనే ఇంకో జిర్కాన్ స్టాండర్డ్ సంగతి తెలుసుగా, సీసం ఐసోటోపుల నిష్పత్తి 60.85 కోట్ల ఏళ్లంటే, సీసం, యురేనియం నిష్పత్తి 60 కోట్ల దగ్గర ఆగుతుంది. అయినా దాన్ని అందరూ వాడుతున్నారు, ఎందుకంటే ఆ తేడా అందరికీ తెలుసు.

సున్నపురాయిలో ఉండే కాల్సైట్ ఖనిజానికి కూడా స్టాండర్డ్ చేద్దామా అన్నావు. అవసరం చాలా ఉంది. టెక్సస్ నుంచి వచ్చిన డబ్ల్యూసీ-1 అనే కాల్సైట్ స్టాండర్డ్ వయసు 25.44 కోట్ల ఏళ్లు, అందులో అనిశ్చితే 64 లక్షల ఏళ్లు. జిర్కాన్ పెట్టి కాల్సైట్ కొలవలేం, ఖనిజం మారితే లేజర్ కింద ప్రవర్తనా మారుతుంది. కానీ అది ఇప్పుడే నెత్తిన వేసుకోకు, జిర్కాన్ ఒక కొలిక్కి రానీ.

ముందుగా నాకు రాయి దొరికిన చోటి జీపీఎస్ వివరాలు, కొండలో ఇంకా ఎంత మిగిలిందో ఫొటోలు, ఓ యాభై గింజల సీఎల్ ఇమేజ్‌లు పంపు. ఏరి మంచివే పంపకు, వరసగా వచ్చినవి వచ్చినట్టే పంపు. అవి చూశాక ఏ ల్యాబ్‌కి రాయాలో ఇద్దరం కూర్చుని తేలుద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు