బావమరిది తెస్తానన్న బ్యారెల్

ఆయుధాలు, లైసెన్సుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు చిత్తూరులో స్థిరపడిన ఒక రిటైర్డ్ పోలీసు ఆర్మరర్ (ఆయుధాలు చూసుకునే, బాగుచేసే ఉద్యోగి) జవాబులు

ప్రశ్న: మాది తిరుపతి. బంగారుపాళెం దగ్గర మామిడి తోట ఉంది. నాన్నగారు పోయాక ఆయన డబుల్ బ్యారెల్ గన్ నా లైసెన్సు మీదికి వచ్చింది. చిత్తూరులో తెలిసిన పెద్దాయన ఒకరు తన .315 రైఫిల్‌ని 60 వేలకు ఇస్తానంటున్నారు. పిల్లలు బెంగళూరులో ఉన్నారు, ఇక ఈ తుపాకీ బాధ్యత నా వల్ల కాదంటున్నారు. మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు. వాడు అక్కడ పాత రెమింగ్టన్ 700 కొని, బ్యారెల్, స్టాక్ (భుజానికి ఆనే చెక్క), ట్రిగ్గర్ అన్నీ మార్పించి తనకు కావలసినట్టు తయారు చేయించుకున్నాడు. "నువ్వూ ఆ .315 కొని పెట్టు, మంచి బ్యారెల్ నేను వచ్చేటప్పుడు తెస్తా" అంటున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు మీ బావమరిదికి ఫోన్ చేసి ఆ బ్యారెల్ కొనొద్దని చెప్పండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ బావమరిది తప్పు చేశాడని కాదు. వాళ్ల దేశంలో ఆయన చేసింది సబబే, తెలివైన పని కూడా. అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో రైఫిల్ అంటే రిసీవర్ (బ్యారెల్, బోల్టు బిగించే మధ్య భాగం) ఒక్కటే. నంబరు కొట్టి ఉండేది దాని మీదే, కాగితాలు నడిచేదీ దాని మీదే. బ్యారెల్, స్టాక్, ట్రిగ్గర్ మామూలు సామాను కింద లెక్క, పార్సిల్లో ఇంటికే వచ్చేస్తాయి. మన 1959 ఆయుధాల చట్టంలో అలా కాదు, విడిభాగాలు కూడా ఆయుధాలే. లైసెన్సు లేకుండా బయటి దేశం నుంచి బ్యారెల్ తెచ్చుకుంటే అది ఆయుధాల దిగుమతి. చెన్నై ఎయిర్‌పోర్టులో దిగి, సూట్‌కేసులో ఉన్నది ఉత్తి ఉక్కు గొట్టమేనని కస్టమ్స్ వాళ్లను నమ్మించగలనని మీ బావమరిది అనుకుంటే, ఆ సంభాషణలో మీ పేరు రాకుండా చూసుకోండి.

ఆయన పాత రైఫిల్ ఎందుకు కొన్నాడో కూడా మీకు అర్థం కావాలి. మీరు కొనబోయేదానికీ దానికీ తేడా అక్కడే ఉంది. మార్పించుకోవడానికి పాత రైఫిల్ కొనేవాడు రైఫిల్‌ని కొనడు, యాక్షన్‌ని కొంటాడు. అంటే రిసీవరూ, తూటాను వెనక నుంచి మూసి ఉంచే బోల్టూ. బ్యారెల్ అరిగిపోయినా, చెక్క పగిలినా వాడికి లెక్కలేదు, ఎలాగూ తీసేసేవే. పాత రైఫిల్ ధరలోంచి తీసేసిన భాగాలు అమ్మితే వచ్చే డబ్బు పోను, మిగిలింది కొత్త యాక్షన్ ధర కంటే బాగా తక్కువైతేనే బేరం గిట్టుబాటు. రెమింగ్టన్ 700 దీనికి పేరు పడింది. 1962 నుంచి వస్తోంది, దానికి సరిపోయే సామాను కుప్పలు తెప్పలుగా దొరుకుతుంది. అక్కడ కూడా ముందే చూసుకోవలసినవి ఉన్నాయి. బోల్టు ముఖం ఏ తూటాకు సరిపోతుందో ఆ కుటుంబంలోనే ఉండాలి. .308కి చేసిన బోల్టుతో .223 కాల్చాలంటే బోల్టు కూడా మార్చాలి. యాక్షన్ పొట్టిదా పొడుగుదా అన్నది ఇంకో లెక్క. ట్రిగ్గరు సంగతి కూడా ఉంది. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ మొదటి వారాల దాకా తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లు నొక్కకుండానే పేలే అవకాశం ఉందని కంపెనీయే వెనక్కి పిలిపించింది. మీ బావమరిది రైఫిల్ ఆ కాలంలోదైతే పాత ట్రిగ్గరు మార్పించి మంచి పని చేశాడు.

ఇప్పుడు పెద్దాయన .315 దగ్గరికి వద్దాం. .303 సైన్యం బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత), పౌరులకు నిషేధం. అందుకని అదే లీ-ఎన్‌ఫీల్డ్ తరహా యాక్షన్‌కి .315, అంటే 8 మిల్లీమీటర్ల బోరు పెట్టి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పౌరులకు అమ్మింది. గట్టి రైఫిల్. దుమ్ములో, వానలో పనిచేయడానికి పుట్టిన యాక్షన్ అది. నా ఉద్యోగంలో దీని అన్నదమ్ములను చాలానే విప్పి బిగించాను, దాని మీద నాకు ప్రేమే. కానీ కస్టమ్ రైఫిల్‌కి పునాదిగా పనికిరాదు. రెమింగ్టన్‌లో బోల్టు ముందు భాగంలోనే, తూటా వెనకాలే లాక్ అవుతుంది. దీంట్లో లాకింగ్ లగ్గులు, అంటే బోల్టును పట్టి ఉంచే పళ్లు, వెనక ఉంటాయి. కాల్చినప్పుడు బోల్టూ రిసీవరూ పొడుగునా కాస్త సాగి మళ్లీ సర్దుకుంటాయి. మామూలు .315 తూటాకు ఇబ్బంది లేదు. ఎక్కువ ప్రెషర్ తూటాకు బ్యారెల్ మార్చాలంటే మాత్రం ఆలోచన కూడా వద్దు.

చట్టం ఎలాగూ ఒప్పుకోదు. తయారీ, మార్పు, రిపేరు లైసెన్సున్న వాళ్లే చేయాలి. 2019 సవరణ తర్వాత తుపాకీని ఒక కేటగిరీ నుంచి ఇంకో కేటగిరీకి మార్చడం కూడా నేరం. లైసెన్సు లేని చేతుల్లో చేసిన తయారీకీ మార్పుకీ ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. లేత్ మిషను పెట్టుకున్న ఎవరో "నేను చేసిస్తా సార్" అంటారు. అలాంటి వాళ్లు మన జిల్లాలో కూడా లేకపోలేదు. వాళ్ల షాపులో టీ కూడా తాగొద్దు.

మరి అసలు కొనొద్దా? మార్పించుకోవడానికైతే వద్దు. ఉన్నది ఉన్నట్టుగా వాడుకుంటానంటే ఒకసారి చూడండి. ఎలా చూడాలో చెబుతాను.

పట్టపగలు వెళ్లండి. మ్యాగజైన్ తీయించి, బోల్టు లాగి, చాంబరులో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి ఖాళీగా ఉందని మీరే తేల్చుకోండి. పెద్దాయన ఖాళీయేనని చెప్పినా సరే. తర్వాత పుల్‌త్రూకు (గొట్టం తుడిచే తాడుకు) పొడి ఫ్లానెల్ గుడ్డ కట్టి ఒకసారి లాగండి. నల్లగా వస్తే కాల్చి తుడవలేదని, ఎర్రగా వస్తే లోపల తుప్పుందని. ఇప్పుడు బోల్టు వైపు నుంచి కిటికీ వెలుతురుకు పెట్టి చూడండి. రైఫిలింగ్, అంటే గొట్టం లోపల మెలి తిరిగిన గాడుల అంచులు పదునుగా కనిపించాలి. సబ్బు బిళ్లలా అరిగి గుండ్రంగా కనిపిస్తే ఆ బ్యారెల్ పని అయిపోయినట్టే. మధ్యలో ఎక్కడైనా ఉంగరం లాంటి నీడ కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయండి. లోపల ఏదో ఇరుక్కుని ఉండగా ఎవరో కాల్చారు, అక్కడ గొట్టం ఉబ్బింది.

మూతి వైపు కూడా చూడండి. పుల్‌త్రూ తాడు ఏళ్ల తరబడి ఒకే పక్క ఒరుసుకుంటే మూతి అంచు ఒకవైపు అరుగుతుంది, గురి కుదరదు. ఇది చాలామంది చూడరు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయిస్తారు కదా, అక్కడ ఎవరి తుపాకీకీ ఎవరూ నూనె రాయరు. నెలల తరబడి గోడకు ఆనించి ఉంటుంది. చెక్క, ఇనుము కలిసే చోట, చాంబరు దగ్గర తుప్పు గుంటలు పడేది అప్పుడే. ఈసారి డిపాజిట్ చేసేటప్పుడు మీ డబుల్ బ్యారెల్‌కి కూడా లోపలా బయటా నూనె పట్టించి ఇవ్వండి.

పెద్దాయన దగ్గర కాల్చిన ఖాళీ తూటా కేసులు (తొడుగులు) ఉంటే అడగండి. రైఫిల్ కంటే అవే నిజం ఎక్కువ చెబుతాయి. కేసు అడుగుకు కొంచెం పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తే హెడ్‌స్పేస్, అంటే తూటాకూ బోల్టుకూ మధ్య ఉండే సందు, ఎక్కువైందని అనుమానించాలి. ఆ గీత దగ్గరే కేసు రెండు ముక్కలవుతుంది, ముందు ముక్క చాంబరులోనే ఉండిపోతుంది. లైసెన్సున్న గన్‌స్మిత్ చేత గేజ్ పెట్టించి చూడకుండా ఆ రైఫిల్ కాల్చొద్దు.

నంబర్లు. రిసీవర్ మీదున్న నంబరు, బోల్టు పిడి వెనకున్న నంబరు, పెద్దాయన లైసెన్సులో ఉన్న నంబరు – మూడూ ఒకటే కావాలి. బోల్టు నంబరు వేరైతే అది ఇంకో రైఫిల్ బోల్టు, హెడ్‌స్పేస్ మళ్లీ అనుమానమే. లైసెన్సులో ఒక్క అంకె తేడా ఉన్నా కలెక్టరేట్‌లో సరిచేయించే బాధ్యత అమ్మేవాళ్లదే, డబ్బు చేతులు మారకముందే. నంబరు గీకినట్టు అనిపిస్తే ఆ మాట గట్టిగా అనకుండానే బయటికి వచ్చేయండి.

కాగితాల సంగతి. మీ లైసెన్సులో రైఫిల్ కొనడానికి అనుమతి రాసి ఉండాలి. డబుల్ బ్యారెల్ ఎక్కించి ఉన్నంత మాత్రాన రైఫిల్ కొనేయడం కుదరదు. లైసెన్సున్న మనిషి తన సొంత తుపాకీని ఇంకో అర్హుడికి అమ్మాలంటే ముందుగా అధికారులకు రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే అప్పగించాలి. అడ్వాన్సు ఇచ్చి రైఫిల్ కారు డిక్కీలో వేసుకొచ్చే పద్ధతి పనికిరాదు.

మీరు తిరుపతిలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి. శేషాచలంలో శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు 1989 నుంచి ఉంది. వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యానికి, నేషనల్ పార్కుకు 10 కిలోమీటర్లలోపు ఉండే లైసెన్సుదారులు అటవీ శాఖ దగ్గర కూడా నమోదు చేయించుకోవాలి. కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ఉండాలి. అలిపిరి దగ్గర ఇల్లున్నవాళ్లకు ఇది కాగితం మీది మాట కాదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది, తోట అటు చివర ఉంటే అదీ చూసుకోండి. తోటలోకి అడవిపంది వచ్చింది, ఏనుగు వచ్చింది అని రైఫిల్ ఎత్తడానికి లైసెన్సు హక్కివ్వదు. అటవీ శాఖ అనుమతి లేకుండా కాలిస్తే కేసు మీ మీదే.

నేను అసలు వద్దనడానికి పెద్ద కారణం ఇంకొకటి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. నాన్నగారి డబుల్ బ్యారెల్ ఒకటి. ఈ .315 తీసుకుంటే రెండో చోటూ నిండిపోయింది. మీ ఉత్తరం చదివితే మీకు కావలసింది వేట తుపాకీ కాదు, మీ ఒంటికి కొలతపెట్టి కుట్టినట్టుండే రైఫిల్ అనిపిస్తోంది. ఆ కోరిక ఇక్కడ చట్టబద్ధంగా తీరే చోటు టార్గెట్ షూటింగ్. .22 మ్యాచ్ రైఫిల్‌కి చెంప ఆనే ముక్క, భుజానికి ఆనే బట్ ప్లేటు, ట్రిగ్గర్ బరువు, సైట్లు అన్నీ ఫ్యాక్టరీ నుంచే సర్దుకునేలా వస్తాయి. గుర్తింపున్న రైఫిల్ క్లబ్బులో చేరండి, ముందు క్లబ్బు రైఫిల్‌తో కాల్చి చూడండి. అప్పుడు కూడా .315 మీదే మనసుంటే, పైన చెప్పిన పరీక్షలన్నీ అది పాసైతే, కొనుక్కోండి. 60 వేలకు అడగడం మాత్రం కొంచెం ఎక్కువే, నాకైతే.

ప్రశ్న: నాన్న పోయి మూడు నెలలైంది. ఆయన రైఫిల్ ఇంట్లో బీరువాలోనే ఉంది. లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది. అన్నయ్య అమ్మేద్దామంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఈ రోజే స్టేషన్‌కి గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరికి గానీ వెళ్లి డిపాజిట్ చేయండి, రసీదు తీసుకోండి. లైసెన్సు ఆయనతోనే పోయింది, బీరువాలో ఉన్నది ఇప్పుడు లైసెన్సు లేని తుపాకీ. డిపాజిట్ అయ్యాక తీరిగ్గా కూర్చుని, మీలో ఎవరైనా లైసెన్సుకు దరఖాస్తు చేస్తారా, అర్హత ఉన్నవాళ్లకు అమ్ముతారా తేల్చుకోండి. అంతదాకా మీ అన్నయ్య దాన్ని ఎవరికీ చూపించడానికి కూడా బయటికి తీయకూడదు.

ప్రశ్న: మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. సెకండ్‌హ్యాండ్ జర్మన్ రైఫిల్ ఒకటి వచ్చింది. లైసెన్సు కావాలా? కొనవచ్చా?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: .177 బోరు, గుండు శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిళ్లు ఆ హద్దుకు చాలా కిందే ఉంటాయి. అయినా బిల్లు, అమ్మినవాళ్ల గుర్తింపు కార్డు కాపీ దాచుకోండి. గన్ చూడకముందు గాలి సిలిండర్ చూడండి. దాని మీద తయారీ తేదీ కొట్టి ఉంటుంది. పోటీల్లో పదేళ్లు దాటిన సిలిండర్ ఒప్పుకోరు. తొమ్మిదో ఏట ఉన్నదైతే కొత్త సిలిండర్ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి భుజానికి ఆనించి చూడండి. బట్ ప్లేటును లోపలికంటా జరిపినా మెడ సాగుతుంటే ఆ స్టాక్ ఆమెకు పెద్దది, వదిలేయండి. సిలిండర్ మీద తేదీ గీకేసి ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.