లోడు పికప్ డీజిల్ ఎక్కువ తాగుతుంటే ఏం చూడాలి?

భూపాలపల్లి వైపు నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే పికప్‌కు మైలేజీ పడిపోయింది, ఏం చేయాలని అడిగారు.

ముందు టైర్లలో గాలి చూడండి. పొద్దున్నే, బండి తీయకముందే చూడాలి, టైరు వేడెక్కాక మీటరు ఎక్కువ చూపిస్తుంది. టైరు నడుమ బాగానే ఉండి రెండు అంచులే అరుగుతుంటే గాలి చాలట్లేదన్నమాట.

అసలు దెబ్బ స్పీడు దగ్గర. గాలి అడ్డు వేగం వర్గంతో (వేగాన్ని వేగంతోనే గుణించినట్టు) పెరుగుతుంది: 60 మీద పోయేవాడు 80కి పెంచితే ఆ అడ్డు దాదాపు 78 శాతం ఎక్కువవుతుంది. మిర్చికి బరువు కన్నా ఎత్తు ఎక్కువ. బస్తాలు క్యాబిన్ దాటి లేస్తాయి, పైన పట్టా వదులుగా కొట్టుకుంటే ఇంకా లాగుతుంది. తాడు బిగించి కట్టండి, 55-60 మధ్య టాప్ గేర్‌లో నడపండి.

ఎక్కుడులో నల్లపొగ వస్తే ఎయిర్ ఫిల్టర్, తర్వాత ఇంజెక్టర్లు చూపించండి. బండి ఆపగానే ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. సీజన్‌లో మార్కెట్ గేటు ముందు లైన్లో ఇంజిన్ ఆపేయండి.

డీజిల్‌లో పోసే మైలేజీ సీసాలకు మాత్రం నేనైతే రూపాయి పెట్టను.