సామ్రాజ్యాలు కట్టే ఆటల మీద మక్కువ: ఏ చదువు వైపు?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. మార్కులకు లోటు లేదు. తీరిక దొరికితే మాత్రం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆటలతోనే గడుపుతాడు. ఇంజినీరింగ్ వద్దని, ఇటువంటి ఆటలు తయారుచేసే పనిలోకి వెళతానని, హైదరాబాదులోని ఒక ప్రైవేటు సంస్థలో గేమ్ డిజైన్ కోర్సులో చేర్పించమని పట్టుబడుతున్నాడు. ఫీజు లక్షల్లో ఉంది. వాళ్ల నాన్నగారేమో ఇదంతా జూదం లాంటిదేనని కోప్పడుతున్నారు. మేమేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా జూదం అన్న మాట సంగతి తేల్చుకుందాం. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిషేధించింది. అంతకుముందే తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని అడ్డుకున్నాయి. మీ అబ్బాయి ఆడుతున్న ఆటలు ఆ కోవలోవి కావు. ఇవి ఒకసారి కొనుక్కుని ఆడుకునేవి, గెలిస్తే డబ్బు రాదు, ఓడితే పోదు. వ్యసనమేమోనన్న భయం మాత్రం వేరు. ఆటపై అదుపు తప్పడం, చదువు, నిద్ర, మనుషులు అన్నీ వెనక్కి పోవడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇదంతా సాధారణంగా ఏడాది పాటు సాగడం అనేవి ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతకు చెప్పే లక్షణాలు. మీరు రాసినదాన్ని బట్టి అటువంటి పరిస్థితి నాకు కనిపించడం లేదు. ఈ రెండు విషయాలూ మీవారికి నెమ్మదిగా చెప్పండి.

ఇక అసలు విషయానికి వస్తే, ఆట ఇష్టం కాబట్టి ఆటల తయారీయే వృత్తి కావాలని మీ అబ్బాయి అనుకోవడంలో తొందర ఉంది, ఆట కాబట్టి అందులో పనికొచ్చేదేమీ లేదని వాళ్ల నాన్నగారు అనుకోవడంలోనూ అంతే తొందర ఉంది. సామ్రాజ్య నిర్మాణపు ఆటల్లో నాలుగైదు వృత్తులకు సంబంధించిన పనులు ఒకేచోట కలిసి ఉంటాయి, ఆడేవాళ్లలో ఒక్కొక్కరి మనసు ఒక్కోచోట నిలుస్తుంది. మీ అబ్బాయి మనసు ఎక్కడ నిలుస్తున్నదో తెలిస్తే ఏ చదువు తగినదో చెప్పడం కష్టం కాదు. అందుకని వచ్చే ఆదివారం ఒక గంటసేపు, మందలించకుండా, వాడి పక్కన కూర్చుని చూడమని నా మనవి.

ఏం చూడాలో చెబుతాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగం 1999లో వచ్చింది, 2019లో కొత్త రూపు దిద్దుకుంది. మామూలు పద్ధతిలో ఆట మొదలైనప్పుడు చేతిలో ముగ్గురు విలేజర్లు (ఆహారం తెచ్చే, కలప కొట్టే, ఇళ్లు కట్టే పనివాళ్లు), 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి ఉంటాయి. కొత్త విలేజర్ ఒక్కొక్కరికి 50 ఆహారం ఖర్చవుతుంది, 25 సెకన్లు పడుతుంది. ఇళ్లు కట్టకపోతే జనాభా పెరగదు, ఇళ్లకు కలప కావాలి, కలప కొట్టడానికి పంపిన మనిషి ఆహారం తేలేడు. తర్వాతి యుగానికి, అంటే ఆటలోని పై దశకు, మారాలంటే 500 ఆహారం ఒక్కసారిగా కూడబెట్టాలి. ఆ ఆహారాన్ని దాచిపెడితే కొత్త విలేజర్లు రారు, విలేజర్లకే ఖర్చు పెడుతూ పోతే ఎదుటివాడు ముందే యుగం మారి సైన్యంతో వచ్చి పడతాడు. బజారులో కలప అమ్మిన ప్రతిసారీ కలప ధర తగ్గుతుంది, ఆ తగ్గిన ధర ఆటలో ఉన్న అందరికీ వర్తిస్తుంది. మొదటి పది నిమిషాల్లో యుద్ధం దాదాపు ఉండదు, ఉన్నదంతా లెక్కే. మీ అబ్బాయి ఈ పది నిమిషాలను మళ్లీ మళ్లీ ఆడుతూ, ఎక్కడ ఎన్ని సెకన్లు వృథా అయ్యాయో కాగితం మీద వేసుకుంటున్నాడంటే వాడికి వనరుల కేటాయింపు మీద నిజమైన ఆసక్తి ఉన్నట్టే. కర్మాగారాల్లోను, రవాణా సంస్థల్లోను, ఈ-కామర్స్ గోదాముల్లోను రోజూ జరిగే పని అదే, దాన్ని శాస్త్రంగా ఆపరేషన్స్ రీసెర్చ్ అంటారు. ఎంపీసీ విద్యార్థికి అటు దారులు చాలానే ఉన్నాయి: కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష రాసి స్టాటిస్టిక్స్ డిగ్రీ అయిన బీస్టాట్‌లో చేరవచ్చు, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ తీసుకోవచ్చు, అవి రెండూ కుదరకపోయినా గణితం, స్టాటిస్టిక్స్ ఉన్న డిగ్రీ చదివి పీజీలో ఆ వైపు మళ్లవచ్చు. ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్ సైన్సు ఒక్కటే అనుకునే మన జిల్లాల్లో ఈ శాఖ గురించి చెప్పేవారే లేకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

సివిలైజేషన్ ఆడేటప్పుడు యుద్ధాలన్నీ పక్కన పెట్టి నగరాలు తీర్చిదిద్దడంలోనే గంటలు గడిపే పిల్లలు కొందరుంటారు. 2016లో వచ్చిన ఆరవ భాగంలో విద్యాకేంద్రం, వాణిజ్య కేంద్రం, రేవు వంటివాటిని నగరం చుట్టూ వేర్వేరు గళ్లలో కట్టాలి, పర్వతాల పక్కన కట్టిన విద్యాకేంద్రానికి అదనపు ఫలితం దక్కుతుంది, ఒకదాని చోటు ఇంకొకదానికి ఇచ్చేస్తే మళ్లీ మార్చుకోవడం కుదరదు. ఆ పని మీద మోజు ఉన్నవాడికి విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఉన్న బీప్లాన్ (నగర ప్రణాళికలో డిగ్రీ) గురించి చెప్పండి. దానికి జేఈఈ మెయిన్‌లో ప్లానింగ్ పేపరు విడిగా రాయాలి; దరఖాస్తు నింపేటప్పుడే ఆ పేపరు ఎంచుకోవాలన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

ఆట ఆపిన తర్వాత ఏం చేస్తున్నాడన్నది కూడా గమనించండి. 2022లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌కు భారతీయ రాజవంశాల మీద ఒక అనుబంధం వచ్చింది, అందులో ద్రావిడుల పేరిట రాజేంద్ర చోళుని దండయాత్రలు ఆడవచ్చు. ఆ రాజేంద్రుని కూతురు అమ్మంగదేవిని పెళ్లాడినవాడే రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడు, నన్నయ చేత భారతాన్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టించిన రాజు. మీ అబ్బాయి దండయాత్ర ముగించి, ఇది నిజంగా ఇలాగే జరిగిందా అని పుస్తకాలు వెతుకుతున్నాడా, 1444 నాటి ప్రపంచంతో మొదలయ్యే యూరోపా యూనివర్సాలిస్ అనే మరో ఆట నాలుగవ భాగంలో విజయనగరాన్ని ఎంచుకుని బహమనీలతో దాని వైరం ఎందుకొచ్చిందో మీకు విసుగొచ్చేదాకా చెబుతున్నాడా? అలాగైతే వాడు ఎంపీసీలో ఉన్నంత మాత్రాన చరిత్ర, అర్థశాస్త్రం వాడికి నిషిద్ధం కావు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. ఆ చదువుకు ఉద్యోగాలు ఇంజినీరింగ్‌కు ఉన్నన్ని ఉండవని మాత్రం దాచకుండా చెప్పాలి.

నాలుగవ రకం పిల్లలు ఆట గెలవడం కన్నా ఆట ఎలా నడుస్తున్నదని అడుగుతారు. 1997లో మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ తయారుచేసినప్పుడు, ఆనాటి టెలిఫోన్ మోడెముల మీద ఎనిమిది మంది ఆడుతుంటే వందలాది సైనికులు ఎక్కడెక్కడున్నారో ప్రతి క్షణం పంపడం సాధ్యపడే పని కాదు. అందుకని ఇచ్చిన ఆజ్ఞలను మాత్రమే పంపి, ప్రతి కంప్యూటరూ అదే లెక్కను విడిగా చేసుకునేలా ఏర్పాటు చేశారు, వాటిలో ఏ ఒక్క కంప్యూటరు లెక్క రవ్వంత తేడాగా వచ్చినా ఆటలు వేర్వేరు దారులు పట్టిపోతాయి. ఈ కారణం చేతనే ఒక గంట ఆటను రికార్డు చేసిన ఫైలు కొన్ని మెగాబైట్లకు మించదు. ఆ ఫైలు అంత చిన్నగా ఎందుకుందని మీ అబ్బాయి తనంతట తాను ఎప్పుడైనా ఆశ్చర్యపోయి ఉంటే, ఇంజినీరింగ్ వద్దని వాడు అంటున్నది కంప్యూటర్ సైన్సు చదువును కాదనీ, కోచింగు తాకిడిని మాత్రమేననీ నేను అనుకుంటాను.

ఆటలు తయారుచేయాలన్న కోరికను కొట్టిపారేయమని నేననడం లేదు. దాన్ని పరీక్షించడానికి లక్షలు అవసరం లేదన్నదే నా మాట. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లోనే సినారియో ఎడిటర్ (సొంత పటం, కథ తయారుచేసుకునే సాధనం) ఉంది, సివిలైజేషన్ ఆరవ భాగాన్ని లువా అనే ప్రోగ్రామింగ్ భాషతో మార్చుకోవచ్చు. మొదటి సంవత్సరం పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో ఓరుగల్లు కోట ముట్టడినో, మీ ఖమ్మం ఖిల్లానో ఒక సినారియోగా తయారుచేయమనండి, దాన్ని ముగ్గురు స్నేహితుల చేత ఆడించమనండి, వాళ్లు ఎక్కడ విసుగు చెందారో రాసుకుని మళ్లీ మార్చమనండి. తయారుచేసేవాడి పనిలో అధికభాగం ఈ రెండవ విడత దిద్దుబాటే, ఆడేవాడికి ఉండే ఆనందం అందులో చాలా తక్కువ. సెలవులు ముగిసేనాటికి ఒకటి పూర్తిచేసి చూపిస్తే వాడి మాటకు బలం ఉన్నట్టు, ఎడిటర్ తెరిచి రెండు రోజుల్లో వదిలేసి మళ్లీ ఆడుకోవడానికి వెళ్లిపోతే అదీ ఒక సమాధానమే. ఈ దారిన పైకి వచ్చినవారు లేకపోలేదు: ఫర్‌గాటెన్ ఎంపైర్స్ అనే బృందం 2012లో అభిమానులుగా ఉచితంగా చేసిన మార్పులే మరుసటి ఏడాది అధికారిక అనుబంధంగా వెలువడ్డాయి, ఆ తర్వాత వాళ్లు ఆ ఆటల తయారీ సంస్థగానే మారారు.

సివిలైజేషన్ నాలుగవ భాగానికి ప్రధాన రూపకర్త అయిన సోరెన్ జాన్సన్ స్టాన్‌ఫర్డ్‌లో చరిత్రలో డిగ్రీ, కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశాడు. గేమ్ డిజైన్ డిప్లొమా కన్నా గట్టి డిగ్రీ ముందు ఉండాలని నేను చెప్పడానికి ఇటువంటి ఉదాహరణలు ఒక కారణమైతే, మన దేశపు మార్కెట్టు రెండవ కారణం. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థల స్టూడియోలు ఉన్నమాట నిజమే గాని, మన దగ్గర ఉద్యోగాలు మొబైల్ ఆటల్లోను, ప్రోగ్రామింగ్, ఆర్ట్, టెస్టింగ్ పనుల్లోను ఎక్కువ; సామ్రాజ్య నిర్మాణపు ఆటలు రూపొందించే సంస్థలు ప్రపంచం మొత్తం మీద కొద్ది, అవీ ఎక్కువగా విదేశాల్లోనే ఉన్నాయి. డిగ్రీ ఉన్నవాడికి ఆ తలుపు తెరుచుకోకపోయినా వేరే తలుపులుంటాయి. డిజైన్‌లోనే డిగ్రీ కావాలని వాడు గట్టిగా నిలబడితే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాయించండి, ఐఐటీ హైదరాబాదులో బీడిజైన్ ఉంది.

ఆ ప్రైవేటు సంస్థకు ఇంకా డబ్బు కట్టలేదు గదా, కట్టే ముందు మీరే స్వయంగా వెళ్లి ఆ సర్టిఫికెట్ ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో, గత రెండేళ్లలో చదివి వెళ్లినవారు ఏ కంపెనీల్లో ఏ పని చేస్తున్నారో, పాఠం చెప్పేవారిలో విడుదలైన ఆటకు పనిచేసినవారు ఎందరో అడగండి. సమాధానాలు కాగితం మీద ఇవ్వమనండి. మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత తిరిగి ఇస్తారన్నది కూడా అదే కాగితం మీద రాయించుకోండి. అప్పటిదాకా మాత్రం ఎవరు ఎంత తొందరపెట్టినా అడ్వాన్సు ఇవ్వకండి.