32 స్లైడ్లు చూపించాను, ఒక్కరూ నోరు విప్పలేదు

ప్రశ్న: టీచర్ ట్రైనింగ్ చివరి దశలో ఉన్నాను. నా సబ్జెక్టు గణితం. ప్రాక్టీస్ టీచింగ్‌లో కొన్ని పాఠాలు తప్పనిసరిగా టెక్నాలజీ వాడి చెప్పాలి. మొదటి పాఠం త్రిభుజంలో కోణాల మొత్తం. రెండు రాత్రులు కూర్చుని 32 స్లైడ్లు తయారుచేశాను, యానిమేషన్లు కూడా పెట్టాను. పిల్లలు కళ్లప్పగించి చూశారు. తీరా ప్రశ్న అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేదు. మధ్యలో ప్రొజెక్టర్ ఆగిపోయి ఐదు నిమిషాలు దండగయ్యాయి. 'పాఠం మీరు చెప్పారా, స్లైడ్లు చెప్పాయా?' అన్నారు సూపర్‌వైజర్. ఇంకా మూడు పాఠాలున్నాయి, టెన్షన్‌గా ఉంది. టెక్నాలజీ రాకపోతే ఇకపై టీచర్ ఉద్యోగం కష్టమంటున్నారు. కోడింగ్ లాంటిది ఏదైనా నేర్చుకోవాలా?

జవాబు: ముందు కోడింగ్ సంగతి తేల్చేద్దాం. మీ పనికి అది అక్కర్లేదు. 32 స్లైడ్లకు యానిమేషన్లు పెట్టగలిగిన మీకు కంప్యూటర్ బాగానే వచ్చు. లెక్కల టీచరు కాబట్టి ఓ లెక్క వేసుకోండి. 40 నిమిషాల పీరియడ్ అనుకుంటే స్లైడుకి 75 సెకన్లు. అందులో మీరు మాట్లాడేది పోగా పిల్లవాడు ఆలోచించడానికి ఏం మిగిలింది? ప్రశ్న అడిగాక టీచర్లు సాధారణంగా ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయనీ, మాట్లాడేవాళ్లూ పెరుగుతారనీ మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు ఏనాడో గమనించారు. తర్వాతి స్లైడు కాచుకుని ఉంటే ఆ మూడు సెకన్లు ఆగడం ఎవరికైనా కష్టమే.

సబ్జెక్టు తెలియడం, దాన్ని చెప్పడం తెలియడం, పరికరం తెలియడం అనే మూడూ విడివిడిగా ఉంటే చాలదు, ఒకదానితో ఒకటి కలవాలని మిశ్రా, కోలర్ 2006లో చెప్పారు. టీపాక్ అన్న పేరుతో మీ సిలబస్‌లో చదివే ఉంటారు. పరీక్షలో రాయడానికి మూడు వృత్తాల బొమ్మ సరిపోతుంది. క్లాసులో మాత్రం అది ఒకే ప్రశ్న అవుతుంది: ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ ఆగిపోతారు? పరికరం అక్కడ ఉండాలి, మిగతా చోట్ల బోర్డు చాలు.

మీ పాఠాన్నే తీసుకుందాం. బోర్డు మీద ఒక త్రిభుజం గీసి మొత్తం 180 డిగ్రీలు అంటే పిల్లలు రాసుకుంటారు. ఏ త్రిభుజానికైనా అంతే అన్నది మాత్రం నమ్మరు. పొడుగ్గా, సన్నగా ఉన్నదానికి కూడానా అన్న అనుమానం లోపల ఉంటుంది. అక్కడ జియోజీబ్రా పనికొస్తుంది, అంటే బొమ్మలు గీసి మౌస్‌తో లాగి చూడగలిగే గణిత సాఫ్ట్‌వేర్. త్రిభుజం గీసి, శీర్షాన్ని లాగే ముందు తెర నల్లగా చేయండి. పవర్‌పాయింట్ స్లైడ్ షోలో అయితే బి కీ నొక్కితే చాలు, లేదంటే చాలా ప్రొజెక్టర్ల రిమోట్‌లోనే అందుకు బటన్ ఉంటుంది. 'ఈ మూలని బాగా దూరం లాగితే మొత్తం పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా? నోటుబుక్కులో రాయండి' అనండి. అందరూ రాశాక తెర వెలిగించి, మౌస్ ఒక పిల్లవాడి చేతికివ్వండి. మీరు పక్కకి జరగండి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కోణాలు పూర్ణాంకాల్లో కనబడేలా పెట్టారనుకోండి. అసలు కోణాలు 59.4, 60.4, 60.2 అయితే తెర మీద 59, 60, 60 అని వస్తాయి. వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు '179 వచ్చింది' అని అరుస్తారు. రిహార్సల్ చేయని టీచరు అక్కడ తడబడి 'అది కంప్యూటర్ తప్పు' అనేస్తారు. చేసుకున్న టీచరు ఆ అరుపు కోసమే ఎదురుచూస్తారు. దశాంశ స్థానాలు పెంచి చూపిస్తే, దగ్గరి పూర్ణాంకానికి సవరించడం వల్ల ఒక డిగ్రీ ఎలా మాయమైందో పిల్లలే చెబుతారు. నా దృష్టిలో ఆ పీరియడ్ మొత్తానికి విలువైన రెండు నిమిషాలు అవే. ఇంకోటి: బహుభుజిని గడియారం దిశలో గీసి కోణం టూల్‌తో దాని మీద క్లిక్ చేస్తే లోపలి కోణాలకు బదులు బయటి వైపున్న, 180 డిగ్రీలు దాటిన పెద్ద కోణాలు వస్తాయి. అపసవ్య దిశలో గీయాలి. ఇది క్లాసులో తెలిస్తే మాత్రం చెమటలు పడతాయి.

అందుకే రిహార్సల్ అంటున్నాను. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో మైక్రోటీచింగ్ మొదలుపెట్టింది ఇందుకే: చిన్న పాఠం, కొద్దిమంది విద్యార్థులు, రికార్డు చేసి చూసుకోవడం, మళ్లీ చెప్పడం. మీరు పాఠం మొత్తం రిహార్సల్ చేయక్కర్లేదు. తెర నల్లబడినప్పటి నుంచి 179 దాకా ఉన్న ఏడెనిమిది నిమిషాలు ఇద్దరు క్లాస్‌మేట్ల ముందు చెప్పి, ఫోన్‌లో రికార్డు చేయండి. చూసుకునేటప్పుడు మీ ముఖం ఎంతసేపు తెరవైపు ఉందో, ఎంతసేపు వాళ్లవైపు ఉందో లెక్కపెట్టండి. నిజం క్లాసులో రికార్డు చేయాలంటే ముందుగా అనుమతి అడగండి.

ప్రొజెక్టర్ ఆగిపోవడం మీ తప్పు కాదు, ఐదు నిమిషాలు దాని చుట్టూ తిరగడం మాత్రం మీదే. ఒక నిమిషంలో రాకపోతే వదిలేయండి. కాగితంతో కత్తిరించిన త్రిభుజాలు సంచిలో ఉంచుకోండి. మూడు మూలలూ చింపి పక్కపక్కన పెడితే సరళరేఖ వస్తుంది. లెసన్ ప్లాన్‌లో దీన్ని ప్రత్యామ్నాయంగా ముందే రాసిపెడితే సూపర్‌వైజర్‌కి కూడా కనబడుతుంది.

మిగతా పాఠాల్లో క్విజ్ యాప్ పెట్టాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. పెట్టండి, కానీ త్వరగా నొక్కినవాళ్లకి ఎక్కువ పాయింట్లిచ్చేవాటితో జాగ్రత్త. నిదానంగా ఆలోచించేవాడు రెండో ప్రశ్నకే ఊహించి నొక్కడం మొదలుపెడతాడు. జవాబులు చీలిపోతే వెంటనే సరైనది చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోనిచ్చి మళ్లీ అడగండి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఫిజిక్స్ క్లాసుల్లో చేసింది ఇదే.

ఇక ఉద్యోగం మాట. డెమో క్లాసులో మీరు ఎన్ని యాప్‌లు వాడారని ఎవరూ లెక్కపెట్టరు. ఇది ఎందుకు వాడారు, లేకపోతే ఏం చేసేవారు అని అడుగుతారు. ఈ మూడు పాఠాలకూ లెసన్ ప్లాన్, అసలు జరిగిందేమిటి, రెండోసారి ఏం మార్చారు అన్నవి ఒక్కో పేజీ రాసి దాచుకోండి. ఆ 32 స్లైడ్ల పాఠాన్ని కూడా అందులో పెట్టండి, సిగ్గుపడకుండా. డిజిటల్ పాఠాలు తయారుచేసే సంస్థల్లోకి వెళ్లాలనుకున్నా ఇదే ఫైలు పనికొస్తుంది. అయితే కొన్నేళ్లు క్లాసులో ఉండి వెళ్లమనే చెబుతాను.

రెండో పాఠానికి ముందు సూపర్‌వైజర్‌ని ఒక సాయం అడగండి. వెనక కూర్చున్నప్పుడు స్లైడ్ల సంగతి వదిలేసి, ఎంతమంది పిల్లలు నోరు విప్పారో కాగితం మీద గీతలు పెట్టి ఇవ్వమనండి.